రాయగడలో మాస్టారి కంప్యూటర్ సెంటర్: ఉద్యోగస్తుల బ్యాచ్ మీద నా రివ్యూ

ముందే ఒక మాట, పిల్లల్ని డీసీఏ, పీజీడీసీఏ లాంటి కంప్యూటర్ డిప్లమోల్లో చేర్పిద్దామని సెంటర్లు వెతుక్కునే వాళ్లకి ఈ రివ్యూ పనికిరాదు, వాళ్లకి ఊర్లో బోలెడు సెంటర్లున్నాయి. ఇది బీటెక్, డిప్లమో, ఎమ్మెస్సీ అన్నీ అయిపోయి ఉద్యోగంలో చేరి, షిఫ్ట్ అంతా కంప్యూటర్ ముందు కూర్చుని కూడా ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో తెలీక వెతుక్కునే వాళ్ల కోసం. అలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో మంచి మంచి ఇంజనీర్లున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

సెంటర్ బోర్డు మీద పేరు ఇంగ్లీషులోనూ ఒడియాలోనూ ఉంటుంది గానీ ఆ పేరు చెప్తే ఎవరికీ తెలీదు, మాస్టారి సెంటర్ అంటే ఆటో అతను నేరుగా తీసుకెళ్లి దింపుతాడు. మాస్టారు ఇదివరకు ఐటీఐలో కోపా ట్రేడ్, అంటే కంప్యూటర్ ఆపరేటర్ కోర్సు చెప్పేవారు, రిటైర్ అయ్యాక ఇంటి కింద రెండు గదుల్లో ఇది పెట్టారు. మామూలు బ్యాచ్‌లు పిల్లలకి నడుస్తాయి, అవి కాకుండా వారంలో రెండు సాయంత్రాలు, ఆదివారం పొద్దున్న ఉద్యోగస్తుల బ్యాచ్ ఉంటుంది. తెలుగు, ఒడియా రెండిట్లోనూ చెప్తారు, ఒడిశాలో ఆంధ్రా బోర్డర్ దగ్గరున్న రాయగడలో అది మామూలే, ఒకే వాక్యంలో రెండు భాషలూ వచ్చేస్తాయి, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

సిలబస్ లేదు. ఇదే నాకు బాగా నచ్చిన విషయం. చేరిన రోజున మాస్టారు అడిగేది ఒక్కటే, ఈ వారం మీ ఆఫీసులో కంప్యూటర్ మీద మీకు ఎక్కువ టైం తినేసిన పని ఏటి, అది ఇక్కడ నా ముందు చేసి చూపించండి అంటారు. మనం చేస్తాం, ఆయన పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని చూస్తారు, మధ్యలో ఒక్క మాట మాట్లాడరు. పని అయ్యాక అప్పుడు మొదలుపెడతారు.

మా ప్లాంట్ నుంచి ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో ఒక సీనియర్ సారు వచ్చారు. ఆయన సంగతి చెప్పాలి, అర్ధరాత్రి బాయిలర్ ట్రిప్ అయితే ఇంటి నుంచి వచ్చి మెషీన్లని నడిపించే పీఎల్‌సీ అన్న కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ (ల్యాడర్ లాజిక్) చూసి తప్పు ఎక్కడుందో పట్టేసే మనిషి, కంపెనీ వాడు బయట నుంచి పంపించిన ఇంజనీర్లు కూడా ఆయన్నే అడుగుతారు. అలాంటాయన నెల రిపోర్ట్ పంపించే పద్ధతి ఏంటంటే, ఎక్సెల్ షీట్ ప్రింట్ తీసి, సంతకం పెట్టి, ఫోన్‌తో ఫొటో తీసి, ఆ ఫొటో తనకి తనే వాట్సాప్ చేసుకుని, కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి డౌన్‌లోడ్ చేసి, వర్డ్‌లో అతికించి, ఆ వర్డ్ ఫైల్ మెయిల్‌కి తగిలించి పంపుతారు. అవతలి డిపార్ట్‌మెంట్‌లో ఒక అమ్మాయి ఆ ఫొటో చూసుకుంటూ అంకెలన్నీ మళ్లీ ఎక్సెల్‌లో కొట్టుకుంటుంది. ఇన్నేళ్లుగా ఇలాగే నడుస్తోంది, ఎవరూ ఇదేంటని అడగలేదు.

మాస్టారు అంతా చూసి, సారూ ఈ పద్ధతి మీకెవరు చెప్పారండీ అని నెమ్మదిగా అడిగారు. ఎవరూ చెప్పలేదు మాస్టారూ, అలా అలవాటైపోయింది అన్నారాయన. ఆ జవాబు దగ్గరే అసలు విషయమంతా ఉందని నాకనిపించింది. ఎవరూ చెప్పలేదు. కాలేజీలో సి ప్రోగ్రామింగ్ చెప్పారు, మ్యాట్‌ల్యాబ్ చెప్పారు, ఆటోక్యాడ్ చెప్పారు, ఒక ఎక్సెల్ షీట్‌ని పీడీఎఫ్‌గా సేవ్ చేసి పంపొచ్చని మాత్రం ఏ లెక్చరరూ చెప్పలేదు, ఎందుకంటే అది అందరికీ వచ్చనుకున్నారు. ఉద్యోగంలో చేరాక హెచ్ఆర్ వాళ్లూ అదే అనుకున్నారు, ఇంజనీర్ కదా కంప్యూటర్ రాకపోవడమేంటని. ఒక వయసు దాటాక అడగడానికి మొహమాటం, కింద పనిచేసే కుర్రాళ్ల ముందు అడిగితే పరువు పోతుందని భయం. దాంతో ఎవరికి వాళ్లు ఒక అడ్డదారి కనిపెట్టుకుని దాంతోనే రిటైర్ అయ్యేదాకా లాగించేస్తున్నారు.

ఇది మన ఊరి సమస్యో మన దేశం సమస్యో అనుకోకండి. డబ్బున్న దేశాల కూటమి ఓఈసీడీ 2011 నుంచి 2015 మధ్య 33 దేశాల్లో 16 నుంచి 65 ఏళ్ల వాళ్లకి కంప్యూటర్ మీద పనులిచ్చి చూసింది. పోయిన నెల ఫలానా మనిషి పంపిన మెయిళ్లలో ఫలానా విషయం మీద ఎంత శాతం ఉన్నాయో తేల్చడం లాంటి పై స్థాయి పనులు చేయగలిగింది వందలో 5 గురే. కంప్యూటర్ అసలు వాడలేని వాళ్లు వందలో 26 మంది. ఇంకోటి చెప్తా, ఐక్యరాజ్యసమితి కింద ఐటీయూ అని ఒక సంస్థ ఉంది, జనానికి కంప్యూటర్ ఎంత వచ్చో కొలవడానికి తొమ్మిది పనుల జాబితా ఒకటి వాడుతూ వచ్చింది. ఫైల్ గానీ ఫోల్డర్ గానీ కాపీ చేయడం, మెయిల్‌కి ఫైల్ తగిలించి పంపడం, స్ప్రెడ్‌షీట్‌లో చిన్న లెక్క రాయడం, కొత్త పరికరం తగిలించుకోవడం, ఇలా వెళ్లి వెళ్లి చివర్లో ప్రోగ్రామ్ రాయడం ఉంటుంది. మా బ్యాచ్‌లో చాలామంది ఆ చివరి పని వచ్చిన వాళ్లు. మొదటి పనుల దగ్గర తడబడుతున్న వాళ్లు కూడా వాళ్లే. ఆ జాబితాని కింద నుంచి పైకి మెట్లెక్కినట్టు అందరూ నేర్చుకుంటారని మనం అనుకుంటాం గానీ అలా జరగట్లేదు.

దీనికి ఇంకో ఉదాహరణ మా బ్యాచ్‌లోనే ఉంది, బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచి పనిచేసే అమ్మాయి, గుణుపూర్ వైపు వాళ్లు, పైథాన్‌లో ప్రోగ్రామ్‌లు చకచకా రాసేస్తుంది, క్లౌడ్ మీద సర్వర్లు లేపుతుంది. జిప్ ఫైల్ మీద రెండుసార్లు నొక్కి లోపలున్న షీట్ తెరిచి, అందులోనే గంటల తరబడి మార్పులు చేసి మూసేసింది, మళ్లీ తెరిస్తే పాతదే ఉంది. జిప్ లోంచి నేరుగా తెరిస్తే విండోస్ ఆ ఫైల్‌ని ఎక్కడో టెంపరరీ ఫోల్డర్‌లో పెట్టి చూపిస్తుంది, మనం చేసిన మార్పులు జిప్‌లోకి తిరిగి వెళ్లవు, ముందు ఎక్స్‌ట్రాక్ట్ చేసుకోవాలి. ఈ ఒక్క ముక్క ఆ అమ్మాయికి నాలుగేళ్ల కంప్యూటర్ సైన్స్‌లో ఎవరూ చెప్పలేదట. మాస్టారు దానికి చెప్పిన కారణం నాకు కరెక్టే అనిపించింది. అమ్మా, మీరంతా ఫోన్ మీద పెరిగిన పిల్లలు, ఫోన్‌లో ఫొటో అంటే గ్యాలరీ, పాట అంటే పాటల యాప్, అది ఏ ఫోల్డర్‌లో ఉందో తెలుసుకోవాల్సిన అవసరం మీకు ఎప్పుడూ రాలేదు అన్నారు. ఆ తరవాత ఒక క్లాసు మొత్తం డ్రైవ్, ఫోల్డర్, పాత్ ఇవే. బోర్డు మీద గీసి, ప్రతి ఒక్కరితో సొంత ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిపించి, అందులో పడున్న చెత్తంతా సర్దించారు. నాకైతే కాలేజీలో మొదటి సెమిస్టర్‌లోనే ఈ క్లాసు ఉండాలనిపించింది.

ఎక్సెల్ దగ్గర మాస్టారు ఎక్కువ రోజులు ఆగుతారు, ఆగాలి కూడా. ఎందుకంటే మా దగ్గర ప్లాంట్లు, కాంట్రాక్టర్లు, ఎన్జీవోలు, బ్యాంకులు అన్నీ ఎక్సెల్ మీదే నడుస్తున్నాయి, అందులో పొరపాటు జరిగితే దెబ్బ తినేది ఎక్సెల్ తెలియని వాళ్లు. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట కాంట్రాక్ట్ లేబర్ జీతాల లిస్టు ఉండేది, పేరు ఒక కాలమ్, అకౌంట్ నంబర్ ఒక కాలమ్, డబ్బు ఒక కాలమ్. అక్కడి సైట్ ఇంజనీర్ పేర్లు అక్షర క్రమంలో పెడదామని పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టాడు. పేర్లు కదిలాయి, పక్కన అకౌంట్ నంబర్లు కదల్లేదు, డబ్బు కాలమ్ ఆ తరవాత పేర్లు చూసి నింపారు. మన దగ్గర బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ అకౌంట్ నంబర్ చూసే పడుతుంది, పేరు చూసి కాదు, కాబట్టి రోజులు ఎక్కువ పనిచేసిన వాళ్ల డబ్బులు తక్కువ పనిచేసిన వాళ్లకి వెళ్లిపోయాయి. బిస్సంకటక్ వైపు పల్లెల నుంచి వచ్చిన వాళ్లు, వాళ్ల కొంధు భాష కువి తప్ప వేరే భాష సరిగ్గా రాదు, బ్యాంక్ మెసేజ్ చదువుకోలేరు, తక్కువ పడిందని వాళ్లకి తెలిసేసరికే చాలా రోజులైంది, అడగడానికి వస్తే గేటు దగ్గరే ఆపేశారు. ఆ ఇంజనీర్ చెడ్డవాడు కాదు, కాంక్రీట్ మిక్స్ డిజైన్ గురించి అడిగితే నిద్రలో చెప్తాడు. ఎక్సెల్ ఆ రోజు అతన్ని అడిగింది కూడా, పక్క కాలమ్స్ కలుపుకోమంటావా లేక ఇదొక్కటే సార్ట్ చేయాలా అని డబ్బా వేసి మరీ అడుగుతుంది, అతను చదవకుండా రెండోది నొక్కాడు.

ఈ సంగతి క్లాసులో చెప్తే మాస్టారు ఆ రోజు వేరే పాఠం ఆపేసి ఇదే తీసుకున్నారు. అలాంటి లిస్టు ఒకటి తయారుచేసి అందరితో తప్పుగా సార్ట్ చేయించి, ఏం జరిగిందో చూపించి, మళ్లీ సరిగ్గా చేయించారు. తరవాత అకౌంట్ నంబర్ల సంగతి. సున్నాతో మొదలయ్యే నంబర్ కొడితే ఎక్సెల్ ఆ సున్నా తీసేస్తుంది. ఆధార్ నంబర్ 12 అంకెలు కొడితే మధ్యలో ఇంగ్లీషు E అక్షరం, ప్లస్ గుర్తు పెట్టి ఏదో సైన్స్ లెక్కలా చూపిస్తుంది. 15 అంకెలు దాటిన నంబరైతే ఆ పైన అంకెలన్నీ సున్నాలు చేసేస్తుంది, ఒకసారి అలా అయ్యాక అసలు అంకె ఇక తిరిగి రాదు. ముందుగా కాలమ్ సెలెక్ట్ చేసి టెక్స్ట్ అని పెట్టి, ఆ తరవాత నంబర్లు కొడితే ఈ గొడవ ఉండదు, చెప్పడానికి అర నిమిషం పడుతుంది. తారీఖులదీ అదే కథ, ఒకరి సిస్టమ్‌లో రోజు ముందు, ఇంకొకరి సిస్టమ్‌లో నెల ముందు, ఏప్రిల్ 3న రావాల్సిన స్పేర్ పార్ట్ మార్చి 4న వచ్చినట్టు షీట్‌లో ఉంటుంది.

పెద్ద పెద్ద వాళ్లకీ ఇది జరిగిందని ఆయన చెప్పిన రెండు సంగతులు నేను ఇంటికెళ్లి వెతికి చూశా, నిజమే. ఇంగ్లండ్‌లో 2020లో కోవిడ్ లెక్కలు చూసే ప్రభుత్వ సంస్థ పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్ వాడింది, అందులో ఒక షీట్‌లో 65,536 వరసలే పడతాయి, ఆ పైన వచ్చినవి పడిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 కేసులు లెక్కలోకి రాలేదు, వాళ్లతో తిరిగిన వాళ్లకి టైంకి కబురు వెళ్లలేదు. కొత్త ఫార్మాట్‌లో అయితే 10,48,576 వరసలు పడతాయి, అది 2007 ఆఫీస్ నుంచి ఉంది. ఇంకోటి, మనిషి జీన్‌లలో మార్చ్1, సెప్ట్1 అని పేర్లున్నవి ఉండేవి, షీట్‌లో కొట్టగానే ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబర్ 1 తారీఖులు చేసేసేది. పరిశోధన పేపర్లలో అలా చాలా తప్పులు దొర్లాయి, చివరికి జీన్‌లకి పేర్లు పెట్టే కమిటీ 2020లో జీన్ పేర్లే మార్చేసింది, సెప్ట్1 ఇప్పుడు సెప్టిన్1. వాళ్లందరూ డాక్టరేట్లు చేసిన వాళ్లు. మా ల్యాబ్ కెమిస్ట్ మేడమ్ ఇది విన్నాక కొంచెం ఊపిరి పీల్చుకుంది, అప్పటిదాకా తనొక్కర్తికే రాదని కుమిలిపోతోంది పాపం.

ఇప్పుడు ఈ సెంటర్‌లో తప్ప వేరే ఎక్కడా దొరకదని నేననుకునే విషయం, భాషలూ ఫాంట్‌లూ. మన బోర్డర్ ఊళ్లలో పనిచేసే వాళ్లకే ఈ బాధ తెలుస్తుంది. ప్లాంట్‌లో సేఫ్టీ నోటీసు ఒడియాలో పెట్టాలి, తెలుగులో పెట్టాలి, హిందీలో పెట్టాలి. ఒడియా నోటీసు ఎవరో ఆకృతి ఫాంట్‌లో కొట్టి పంపిస్తారు, తెలుగుది విజయనగరంలో ఏ డీటీపీ షాపులోనో అను ఫాంట్‌లో కొట్టించి తెస్తారు. ఆ ఫైల్ మన సిస్టమ్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గజిబిజి. మా సేఫ్టీ ఆఫీసర్ దాన్ని వైరస్ అనుకుని ఫైల్ డిలీట్ చేసేశారు, ఆయన ఫైర్ అండ్ సేఫ్టీలో డిప్లమో, హైడ్రెంట్ లైన్ ప్రెషర్ లెక్కలు నోటితో చెప్తారు.

మాస్టారు దీన్ని ఎంత బాగా చెప్పారంటే నాకు మొదటిసారి అర్థమైంది. ఆ పాత ఫాంట్‌లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టుకున్నాయి, కంప్యూటర్ లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరమే, పైకి కనిపించేది మాత్రం తెలుగు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ముసుగు తీసేసినట్టు లోపలిది బయటికి వచ్చేస్తుంది. అన్ని భాషల అక్షరాలకీ విడివిడిగా స్థానాలిచ్చే యూనికోడ్ పద్ధతిలో అలా కాదు, తెలుగుకి 128 గళ్లు, ఒడియాకి వేరే 128 గళ్లు విడిగా ఇచ్చారు, 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే రెండు లిపులూ అందులో ఉన్నాయి. యూనికోడ్‌లో కొడితే ఫోన్‌లోనూ, కంప్యూటర్‌లోనూ, మెయిల్‌లోనూ ఒకేలా కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది, సార్ట్ అవుతుంది. ఆ కాస్త తెలియక ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని నోటీసులు మళ్లీ మళ్లీ టైప్ చేయిస్తున్నారో, ఎంత డబ్బు పోస్తున్నారో.

చెప్పి ఊరుకోలేదు, అందరి ల్యాప్‌టాప్‌లలో తెలుగు, ఒడియా కీబోర్డులు రెండూ పెట్టించారు. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి ఫొనెటిక్ కీబోర్డులు వాటితోనే వస్తున్నాయి, అమ్మ అని రాయాలంటే ఇంగ్లీషులో అమ్మ అని కొడితే చాలు, వేరే ఏదీ కొనక్కర్లేదు, ఎక్కడెక్కడి నుంచో డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. విండోస్ బటన్, స్పేస్ బటన్ కలిపి నొక్కితే భాష మారుతుంది. వేగంగా కొట్టాలనుకునే వాళ్లకి ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకోమంటారు, అందులో ఇంకో లాభం ఉంది, తెలుగు క ఏ బటన్ మీద ఉంటే ఒడియా కకారం కూడా అదే బటన్ మీద ఉంటుంది, భారతీయ భాషలన్నిటికీ వేళ్ల లెక్క దాదాపు ఒకటే. తెలుగు చదివి ఒడియా కూడా వచ్చిన మనలాంటి వాళ్లకి ఇది ఎంత పనికొస్తుందో చెప్పలేను. ఇప్పుడు మా నోటీసులు మేమే కొట్టుకుంటున్నాం, ప్లాంట్ గేటు దగ్గర తెలుగూ ఒడియా పక్కపక్కన తప్పుల్లేకుండా కనిపిస్తున్నాయి, నాకు అది చూస్తే చాలా సంతోషంగా ఉంటుంది.

షార్ట్‌కట్‌లు ఒక్కో క్లాసులో రెండో మూడో చెప్తారు, లిస్టు ఇవ్వరు. విండోస్ బటన్, వి బటన్ కలిపి నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవన్నీ వరసగా కనిపిస్తాయి, 2018 చివర్లో వచ్చిన అప్‌డేట్ నుంచి ఉంది ఇది, ఒకసారి ఆన్ చేసుకోవాలి, మా బ్యాచ్‌లో ఒక్కరికీ తెలీదు. విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే స్క్రీన్‌లో కావాల్సిన ముక్క ఫొటో వస్తుంది, ఇక ఫోన్‌తో స్క్రీన్‌ని ఫొటో తీసే పని లేదు. మెయిల్‌లో సీసీ బీసీసీ తేడా, ప్రింట్‌లో ఒక్క కాలమ్ రెండో పేజీకి పోకుండా ఒకే పేజీకి సర్దడం, ఇలాంటివి మధ్య మధ్యలో వచ్చేస్తుంటాయి.

సెక్యూరిటీ మీద మాత్రం గట్టిగా పట్టుకుంటారు. విండోస్ మామూలుగా ఫైల్ పేరు చివర అది ఏ రకం ఫైలో చెప్పే ఎక్స్‌టెన్షన్ దాచేస్తుంది, అందుకే బిల్లు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ అన్న ఫైల్, అసలుకి అది నొక్కితే నడిచే ప్రోగ్రామ్ అయినా, మనకి బిల్లు డాట్ పీడీఎఫ్ అనే కనిపిస్తుంది. మొదటి వారంలోనే అందరితో ఆ సెట్టింగ్ మార్పిస్తారు. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో ట్రాఫిక్ చలానా అనో ఫోన్‌లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైల్ వస్తే ముట్టుకోవద్దని, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని గోడ మీద మూడు భాషల్లో రాసి పెట్టారు.

ఇంకో మంచి విషయం, మర్యాద. ఎవరినైనా మీరు అనే అంటారు, కుర్రాడైనా సరే. ఎవరు ఏం అడిగినా పక్కవాళ్లు నవ్వకూడదన్నది అక్కడ ఒకే ఒక్క రూలు. ఒకే ఆఫీసు నుంచి పైఅధికారి, కింద వాళ్లు ఇద్దరూ వస్తే, అడిగితే వేరు వేరు బ్యాచ్‌లలో వేస్తారు, ఎందుకని కారణం అడగరు. మా షిఫ్ట్ ఇన్‌చార్జి గారు చేరింది ఈ ఒక్క కారణంతోనే. కంపెనీ తరఫున మాకు ఆన్‌లైన్ ట్రైనింగ్ అని ఒకటి పెట్టారు గతంలో, వీడియో ఆడుతుంది, నెక్స్ట్ నెక్స్ట్ నొక్కుతూ పోతే చివర్లో పది ప్రశ్నలు, పాస్ అయినట్టు సర్టిఫికెట్. అందులో ఒక్కరి చేతి పని కూడా మారలేదు, ఎందుకంటే మనం పని ఎలా చేస్తున్నామో ఎవరూ చూడలేదు.

ఇక బాగోలేనివి. సిస్టమ్స్ పాతవి, విండోస్ 10 మీదే ఉన్నాయి, దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. సెక్యూరిటీ గురించి అంత గట్టిగా చెప్పే చోట ఇది బాగోలేదు, మాస్టారికి మొహం మీదే చెప్పాను, కొన్ని మార్చడం మొదలుపెట్టారు, పూర్తిగా అవ్వలేదు. కరెంట్ పోతే ఇన్వర్టర్ మీద సగం సిస్టమ్సే నడుస్తాయి, వానాకాలంలో ఇది పెద్ద ఇబ్బంది. గదులు ఇరుకు, వెనక వరసలో కూర్చుంటే బోర్డు కనపడదు. పండగలప్పుడు, ముఖ్యంగా చైత్రంలో మజ్జి గౌరి అమ్మవారి జాతర రోజుల్లో క్లాసు ఉందో లేదో ముందు చెప్పరు, దూరం నుంచి వచ్చిన వాళ్లు తాళం చూసి వెనక్కి వెళ్లిన సందర్భాలున్నాయి, ఇది కచ్చితంగా మార్చుకోవాలి. నోట్స్ అని ఇచ్చేవి చేత్తో రాసిన కాగితాల జిరాక్సులు, యూనికోడ్ గురించి అంత చెప్పే మాస్టారు వాటిని టైప్ చేసి ఇస్తే ఎంతమందికో పనికొస్తుంది. గూగుల్ షీట్స్ పైపైన చెప్పి వదిలేస్తారు, ఇప్పుడు చాలా ఆఫీసులు అటు వెళ్లిపోతున్నాయి కాబట్టి అది చాలదు. పని చేసి చూపించడానికి ఒక్కొక్కరికి టైం పడుతుంది గనక, మిగతా వాళ్లు ఊరికే కూర్చోవాల్సి వస్తుంది, నాకు అది కూడా నేర్చుకోవడమే అనిపించింది గానీ టైం లేని వాళ్లకి విసుగొస్తుంది.

సర్టిఫికెట్ ఇవ్వరు. ప్రమోషన్‌కో ఉద్యోగానికో కాగితం కావాల్సిన వాళ్లు నీలిట్ అనే సంస్థ వాళ్ల సీసీసీ కంప్యూటర్ పరీక్ష రాసుకోండి, 80 గంటల కోర్సు, పరీక్షలో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చేది కాబట్టి విలువ ఉంటుంది. మాస్టారి దగ్గర పిల్లల బ్యాచ్‌లో దానికి కూడా తయారుచేస్తారట. కాకపోతే అది ప్రశ్నలకి జవాబులు నేర్పుతుంది, మీ ఆఫీసులో మీరు రోజూ చేసే పని చూసి సరిదిద్దే మనిషి అందులో దొరకరు.

ఫీజు మామూలు డీసీఏ ఫీజులో సగం కూడా ఉండదు, నెలకింత అని కట్టొచ్చు, మధ్యలో షిఫ్ట్ మారితే మిగతా క్లాసులు తరవాత బ్యాచ్‌లో కూర్చోనిస్తారు, షిఫ్ట్ ఉద్యోగాలున్న మన లాంటి ఊరికి ఇది పెద్ద సాయం. మా ఇన్‌స్ట్రుమెంటేషన్ సారు ఇప్పుడు రిపోర్ట్ ఎక్సెల్‌గానే పంపుతున్నారు, సంతకం కావాల్సిన పేజీ ఒక్కటే పీడీఎఫ్. అవతల ఆ అమ్మాయికి మళ్లీ కొట్టుకునే పని తప్పింది, ఆమె సారుకి ఫోన్ చేసి మరీ థాంక్స్ చెప్పింది.

వెళ్లేవాళ్లకి కొన్ని సూచనలు. సొంత ల్యాప్‌టాప్ ఉంటే తీసుకెళ్లండి, మీ సిస్టమ్‌లో సెట్టింగ్‌లు మీ ముందే మార్చి చూపిస్తారు. ఆఫీసు ఫైల్ తీసుకెళ్తే అందులో పేర్లు, అకౌంట్ నంబర్లు, ఆధార్ నంబర్లు మార్చేసి తీసుకెళ్లండి, మాస్టారు కూడా అసలు డేటా తేవద్దనే అంటారు. పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి వచ్చేవాళ్లకి రాయ్‌పూర్ లైన్‌లో పొద్దున్న రైలు పట్టుకుంటే ఆదివారం క్లాసు అందుతుంది, కానీ ముందు రోజు ఫోన్ చేసి క్లాసు ఉందో లేదో కనుక్కుని బయల్దేరండి. ఆడవాళ్లు మా బ్యాచ్‌లో దాదాపు సగం ఉన్నారు, సాయంత్రం క్లాసు చీకటి పడకముందే వదిలేస్తారు.

నా రేటింగ్ 5కి 4. ఆ ఒకటి తగ్గించింది సిస్టమ్స్‌కీ, చెప్పకుండా సెలవులిచ్చే అలవాటుకీ. చెప్పే పద్ధతికి మాత్రం 5కి 5 ఇస్తా. ప్లాంట్లలో హెచ్ఆర్ చూసే వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, కొత్తగా చేరిన ట్రైనీ ఇంజనీర్లని మొదటి నెలలోనే ఇక్కడికి పంపించండి, సీనియర్లని కూడా పంపించండి, విడి విడి బ్యాచ్‌లు అడగడం మర్చిపోకండి.